వాన రాని వేళ ప్రార్థన

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వానే; అదీ అదనుకు రాకపోతే వేరుశనగ ఊడలు దిగకముందే వాడుతుంది, అప్పు మాత్రం పెరుగుతుంది. అలాంటిచోట ప్రార్థన వల్ల ఒరిగేదేమిటని అడగడం న్యాయమే. వాన కోసం కప్పతల్లిని ఊరేగించినా, విరాటపర్వం చదివించినా మబ్బు మాట వింటుందన్న హామీ లేదు.

అయితే అవేవీ ఒంటరిగా చేసే పనులు కావు. ఇదే జిల్లా నార్పల మండలం గూగూడులో మొహర్రం నాళ్లలో కుళ్లాయిస్వామి పీరుకు హిందువులు, ముస్లింలు కలిసే మొక్కుతారు. దిగులును లోపలే దాచుకున్నవాడు కుంగిపోతాడు. పదిమందిలో దేవుడికి చెప్పుకున్న బాధ పొరుగువాడి చెవినా పడుతుంది. ఇలా చెప్పుకోవడం చేతకానితనమంటారా? చెరువు పూడిక తీయాలన్నా, బ్యాంకు మెట్లెక్కాలన్నా ముందు గుండె నిలబడాలి కదా. వాన వచ్చేదాకా మనిషికి ఆ ఊతం ప్రార్థనే.