వెలుగు వచ్చిన వైపు



మర్రిపాడులో ఒక సాయంత్రం కరెంటు పోయిందనుకోండి. ఒక అంగడిలో బల్ల చుట్టూ కూర్చుని వడ్డీ లెక్కలు చూసుకుంటున్నారు. ఇంతలో ఎవరో తలుపు తీశారు. వారితోపాటు వెలుతురు ఏటవాలుగా లోపల పడింది. అప్పుడు గోడలు, మూలలు కనిపించవు. ముఖాలు, చేతులు మాత్రమే కనిపిస్తాయి.

ఇటువంటి గదినే కరవాజ్జో అనే ఇటలీ చిత్రకారుడు 1599-1600లో నూనెరంగులతో చిత్రించాడు. సుంకపు మెట్టులో కూర్చున్న మత్తయిని ప్రభువు తన వెంట రమ్మని పిలిచిన ఘట్టమది (మత్తయి 9:9-13). మూడు మీటర్లకు పైగా ఎత్తు, వెడల్పు గల ఆ పటం రోము నగరంలో, ఫ్రెంచివారి పునీత లూయీ దేవాలయంలో నేటికీ ఉన్నది.

నూనెరంగు త్వరగా ఆరదు. కనుక వెలుగును నీడలోనికి మెల్లగా కలపడానికి వీలుంటుంది. కరవాజ్జో తెల్లని గుడ్డమీద మొదలుపెట్టేవాడు కాదు. ముందుగా ముదురు గోధుమరంగు పూసి, ఆ చీకటిలోనుండి ముఖాలను, చేతులను లేతరంగులతో పైకి తెచ్చేవాడు. దేవుని కృప కూడా అంతే. మన జీవితం తెల్లని గుడ్డ అయ్యేదాకా ఆయన ఆగడు. ఉన్న చీకటిమీదనే పని మొదలుపెడతాడు.

ఆ పటంలో ఒక కిటికీ ఉంది గాని, గదిలోని వెలుగు దానినుండి రావడం లేదు. ప్రభువు ప్రవేశించిన వైపునుండి, ఆయన తలమీదుగా వస్తున్నది. ఆయన మాత్రం పేతురుగారి చాటున, చాలవరకు నీడలోనే నిలబడి, చెయ్యి చాచి పిలుస్తున్నాడు. ఆ వెలుగు బల్ల దగ్గరి అయిదుగురిమీదా పడింది. కాని చివరనున్న ఇద్దరూ నాణేలమీదనుండి చూపు మరల్చలేదు. వెలుగు మనమీద పడితే చాలదు, తల ఎత్తాలి.

మధ్యలో గడ్డమున్న పెద్దమనిషి వేలు చూపుతున్నాడు. ఆ వేలు తనవైపా, పక్కన తలవంచుకొన్న యువకునివైపా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. "నన్నా?" అంటున్నాడా, "వీడినా?" అంటున్నాడా?

ఆ ప్రశ్న మనది కూడా. గుడిలో ప్రసంగం వింటూ, "ఈ మాట ఫలానావాడికి బాగా తగిలింది" అనుకోని వారు మనలో ఎందరు? వడ్డీలకిచ్చేవాడు, తాగి వచ్చేవాడు, అన్నదమ్ముని పొలం కాజేసినవాడు, వీళ్లు మారరని మనం ఏనాడో తీర్మానించేశాము. ప్రభువు చెయ్యి చాచినది అటువంటి వాని వైపే. ఆ పటం గీసిన కరవాజ్జో కూడా 1606లో కొట్లాటలో ఒకరిని చంపి రోము విడిచి పారిపోయాడు. 2025లో ప్రభువునందు నిద్రించిన ఫ్రాన్సిస్ పోపుగారు, ఆ మత్తయిలో తనను తాను చూసుకొన్నానని 2013లో ఒక సంభాషణలో చెప్పారు. పోపుగారి వేలు తనవైపే తిరిగింది.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక, దీపం ఆర్పకముందు ఒక్క నిమిషం కూర్చోండి. మీరు ఎవరిని ఇక లాభం లేదని వదిలేశారో, వారి పేరు ప్రభువుకు చెప్పండి. తరువాత వేలు మీవైపు తిప్పుకొని, "నన్నా ప్రభూ?" అని అడగండి. పాపసంకీర్తనానికి వెళ్లి ఎన్నాళ్లయిందో అప్పుడు మీకే గుర్తుకొస్తుంది. తలుపు తీసే ఉంది. ఆయన చెయ్యి చాచే ఉన్నాడు.