నేల మీద కూచున్న ఫిడేలు

ఊరు విడిచి పనికి పోవడమంటే ఏమిటో పాలమూరు మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా మావాళ్లు మేస్త్రీ వెంట మూట కట్టుకుని పోయారు. నల్లగొండ పల్లెలకూ ఈ ఎడబాటు తెలుసు. అందుకేనేమో, రెండు వందల ఏళ్ల కింద మద్రాసులో బతికిన ఒక పరదేశి ఫిడేలు విద్వాంసుడంటే నాకు ఇంత ప్రేమ. మన సంగీత కథల్లో ఆయన ‘యూరోపియన్ గురువు’ మాత్రమే. ఆ రెండు మాటల్లోనే ఆయన బతుకంతా ఇమిడిపోయింది.

సెయింట్ జార్జి కోటలో కుంఫిణీ వాళ్ల బ్యాండు మోగే రోజులవి. మణలి ముదలియార్ల ఆదరణలో ఉన్న దీక్షితుల కుటుంబం ఆ వాయిద్యం వినడానికి వెళ్లేది. అన్న ముత్తుస్వామి, తమ్ముడు బాలుస్వామి. 1786లో పుట్టిన ఆ తమ్ముడికి ఫిడేలు మీద మనసు పోయింది. ముదలియారు యూరోపియన్ విద్వాంసుణ్ణి పెట్టించి మూడేళ్లు నేర్పించాడంటారు.

ఆ మూడేళ్లను తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. మద్రాసు ఉక్కకు ఫిడేలు అతుకుల్లో జిగురు మెత్తబడుతుంది. పేగుతో చేసిన తంత్రులు ఉబ్బి శ్రుతి జారుతాయి. చెక్కకే ఊపిరాడని ఆ ఊళ్లో, తన భాష రాని పిల్లవాడి వేళ్లను ఆ మనిషి ఓపికగా సరిచేశాడు. కమాను ఎంత బరువుగా వేయాలో, ఎక్కడ తేల్చాలో చెప్పాడు. మెట్లు లేని వాద్యం అది. స్వరం ఎక్కడుందో చెవి చెప్పాలి, వేలు వినాలి. ఆ విద్యను ఆయన దాచుకోలేదు.

తర్వాత జరిగినదే అసలు అద్భుతం. ఫిడేలు భుజం మీంచి దిగింది. మన వాద్యకారులు చాప మీద బాసింపట్టు వేసి, ఫిడేలు తలను కుడి పాదం మీద ఆనించి, రెండో కొసను ఎదకు చేర్చుకున్నారు. ఇక ఎడమ చేతికి వాద్యాన్ని మోసే పని లేదు. అది తంత్రి పొడవునా జారగలదు, ఊగగలదు, గమకాన్ని గుండ్రంగా తిప్పగలదు. నాలుగు తంత్రుల శ్రుతి కూడా మారి ‘స ప స ప’ అయింది. క్రెమోనాలో అమాటీల చేతుల్లో రూపు దిద్దుకున్న వాద్యం, చెక్క ఏమీ మారకుండానే, తోడి రాగం పలికింది. త్యాగయ్య తెలుగును గాయకుడి వెనకే అక్షరం పొల్లుపోకుండా పలుకుతూ వచ్చింది. తాను నేర్పిన బాణీలోనే వాయించాలని ఆ గురువు పట్టుబట్టి ఉంటే ఇదంతా జరిగేదా?

అన్నగారు మరో దారిన ఆ రుణం తీర్చారు. బ్యాండు మెట్టుల్లో సంస్కృత సాహిత్యం కూర్చి నోట్టుస్వరాలు చేశారు. ‘సంతతం పాహిమాం’ అచ్చంగా ఇంగ్లీషు రాజగీతం మెట్టు. రాజు కోసం మోగే పాట అమ్మవారి పాదాల దగ్గరికి చేరింది. ఈనాటికీ పసిపిల్లలు ‘శ్యామలే మీనాక్షి’తో గొంతు విప్పుతారు.

తర్వాత విజయనగరంలో ఆ ఫిడేలు విద్య నిండు ఏరయింది. 1893లో పుట్టిన ద్వారం వెంకటస్వామినాయుడు గారిది మందమైన చూపు. 1919లో మహారాజా వారి సంగీత కళాశాలకు విద్యార్థిగా చేరదామని వెళితే, వాయిద్యం విని ఏకంగా అధ్యాపకుణ్ణి చేశారని చెబుతారు. పక్కవాద్యంగా ఉన్న ఫిడేలును కచేరీ నడిపించే వాద్యంగా నిలబెట్టిన మహానుభావుడాయన. పడమటి సంగీతాన్నీ ఆయన శ్రద్ధగా విన్నాడు. 1952లో పడమటి ఫిడేలు విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మన దేశానికి వచ్చినప్పుడు మద్రాసులో జస్టిస్ రాజమన్నార్ ఇంట ద్వారం వారి వాయిద్యం విని పరవశించాడు. తన వాద్యమే, తనకు తెలియని భాషలో! కోటలోని ఆ పాత గురువుకు దక్కని వినికిడి అది. ఆయన తరఫున మెనూహిన్ విన్నాడని అనుకోవడం నాకిష్టం.

ఇక్కడ, నల్లమల అంచున, లింగాల మండలం అవుసలికుంటలో ఇంకో తంత్రీవాద్యం ఉంది. వెదురు కర్ర, సొరకాయ బుర్రలు, తేనె మైనంతో అతికిన పన్నెండు మెట్లు: కిన్నెర. దర్శనం మొగులయ్య ఆ మెట్ల మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథ పలికించి 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. ఫిడేలు మన దగ్గర కూచుని నేర్చుకుంది. ఇప్పుడు క్రెమోనా నుంచో వియన్నా నుంచో ఒక ఫిడేలు విద్వాంసుడు శిష్యుడిగా పాలమూరు బస్సెక్కి రావాలి. మొగులయ్య ఎదుట నేల మీద కూచుని మొదటి మెట్టు దగ్గర్నించి మొదలుపెట్టాలి. మూడేళ్లుంటానంటే మరీ మంచిది.