సంశయం నుంచి నిర్ణయానికి

డేటాబేస్ తప్పు చేసిందన్న శంక ఎప్పుడు జ్ఞానమవుతుందన్నది న్యాయదర్శనపు, అంటే భారతీయ తర్కశాస్త్రపు, ప్రశ్నే. 17వ శతాబ్దపు ఆంధ్ర తార్కికుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో, ఒకే వస్తువుపై విరుద్ధ ధర్మాలు తోచే సంశయాన్నీ, ఒకదాన్ని మరొకటిగా గ్రహించే విపర్యయాన్నీ వేరుచేశాడు. రాజమండ్రి 2015లో అధికారికంగా రాజమహేంద్రవరమైనందున, కొత్త పేరుతో వెతికితే పాత పేరుతో నమోదైన వరుసలు దొరకనప్పుడు సాఫ్ట్‌వేర్‌ను నిందించడం విపర్యయమే. అయితే వెతికిన పేరుతోనే ఉన్న వరుస పట్టిక మొత్తం చదివితే దొరికి, ఇండెక్సు, అంటే వేగంగా వెతకడానికి కట్టిన సూచిక, ద్వారా దొరకకపోతే సంశయానికి ఆధారముంటుంది. అప్పుడైనా ఉపాధిని, అంటే హేతువు వెనుక దాగి ఫలితాన్ని నిర్ణయించే షరతును, వెతకాలి: 2018లో లినక్స్ మూల లైబ్రరీ గ్లిబ్‌సీ 2.28 అక్షరక్రమ నియమాలను మార్చగా, పాత క్రమంలో కట్టిన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సూచికలు కొన్ని చెడిపోయాయి. ఆ దోషం డేటాబేస్ కోడుది కాదు.

ఇతరులకు నిరూపించే అనుమానమైన పరార్థానుమానం ఉదాహరణను కోరుతుంది. కాబట్టి దోషాన్ని నివేదించేటప్పుడు వెర్షను, వాడిన ఆదేశాలు, ఆశించిన ఫలితం, వచ్చిన ఫలితం, దోషాన్ని ఎవరైనా మళ్లీ పుట్టించగల చిన్న పట్టిక ఇచ్చి, తన ఊహను వాస్తవంగా చెప్పనివాడే ఆప్తుడు, అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. అతని మాటను పరీక్షించే వీలుంటుంది కనుకనే అతనికి పనికొచ్చే సహాయం అందుతుంది.