తన్ను కాపాడుకొనుట ప్రేమకు విరోధమా?

రోగికి పరిచర్య చేయువాడు ముందుగా తన్ను కాపాడుకొనుట స్వార్థమగునా? 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను ప్రపంచవ్యాప్తమైన మహమ్మారిగా పేర్కొనెను. ఆ దినములలో ఈ ప్రశ్న అనేక ఆసుపత్రులలో పుట్టెను. గొంతునకు రంధ్రము చేయబడిన రోగుల మంచముల యొద్ద అది మరింత కఠినముగా నుండెను.

ముక్కుతోను నోటితోను తగినంత ఊపిరి తీసికొనలేని కొందరికి వైద్యులు మెడ ముందుభాగమున శ్వాసనాళమునకు రంధ్రము చేసి, గొట్టము నమర్చుదురు. ముక్కు గాలిని వడకట్టి, వెచ్చజేసి, తేమ కలుగజేయును. గొట్టమునకు ఆ శక్తి లేదు గనుక కఫము చిక్కబడి దారి మూసికొనవచ్చును. దానిని యంత్రముతో పీల్చి తీయవలెను. ఆలస్యమైన యెడల ప్రాణమే పోవచ్చును. అట్టి రోగులలో అనేకులకు స్వరము రాదు; కేకవేసి పిలువనైనను లేరు.

అయితే అట్టివాడు దగ్గినప్పుడు తుంపరలు మెడనుండియే వెలువడును. నోటికి కట్టిన మాస్కు వాటిని ఆపజాలదు. అందువలన నర్సులు గౌను, చేతొడుగులు, కంటి అద్దములు, బిగువైన మాస్కు ధరించి దగ్గరకు పోయిరి.

ఇవి ధరించుటకు కొన్ని నిమిషములు పట్టును. ఊపిరాడని వానికి అవి ఎంత దీర్ఘమైనవి! వాటిని విడిచి పరుగెత్తుటయే ప్రేమ యని మన హృదయము చెప్పును. కాని వ్యాధి పరిచారకుని మన్నింపదు. సార్స్ వ్యాధిని హనోయిలో గుర్తించి లోకమును హెచ్చరించిన ఇటలీ వైద్యుడు కార్లో ఉర్బాని 2003 మార్చి 29న ఆ వ్యాధిచేతనే మరణించెను. నర్సు వ్యాధిపడిన యెడల ప్రక్క మంచమువానికిని, ఇంటనున్న బిడ్డకును అది సోకవచ్చును. రేపు ఈ రోగి గొట్టమును శుభ్రపరచువారెవరు?

ఇంకొక అపాయమును కలదు. జాగ్రత్త యను పేరు పెట్టుకొని దూరముగా నిలిచిపోవువారును కలరు. అది జాగ్రత్త కాదు, భయము. రెంటికిని భేదమేమనగా, జాగ్రత్త దగ్గరకు పోవుటకు సిద్ధపడును; భయము పోకుండుటకు సాకు వెదకును.

కనుక ప్రేమ ముందుగానే ఆలోచించును. పిలుపు రాకమునుపే ఒకరు ఆ దుస్తులు ధరించి వంతు కాయుదురు. సాధనములు మంచము చెంతనే యుండును. మాటలేని రోగి చేతికి ఒక గంటయు పలకయు ఇయ్యబడును. అట్టి రోగి మన గ్రామమునకు గొట్టముతోనే తిరిగి వచ్చిన యెడల, చేతులు సబ్బుతో కడుగుకొని, మాస్కు కట్టుకొని, అతని దగ్గరకు పోవుదము. కట్టుకొనుట మరువకుందము, పోవుటయు మానకుందము.