కన్నీటి కన్నులతో తోటలో

ధ్యాన భాగము: యోహాను సువార్త 20:11–18



చలి దినములు గడచినవి. మామిడి పూత పిందె కట్టినది. వేపచెట్లు తెల్లని పూత రాల్చుచున్నవి. దేవాలయపు ఆవరణలో కానుగ చెట్టు క్రింద నేల కనబడకుండ పూలు రాలియున్నవి. సాయంకాలమున మల్లెల వాసన వీధి చివరవరకు వచ్చుచున్నది. ఇట్టి దినములలో సృష్టికర్తను స్తుతించుట ఎవరికైనను సులభమేయని మనము తలంతుము.

కాని అందరికిని అది సులభము కాదు. పూల కాలము వచ్చినదనగానే కొందరి కన్నులు ఎర్రబడి దురదపెట్టును. తుమ్ములు ఒకదాని వెంట ఒకటి వచ్చును. ముక్కు నీరుగారును. కొందరైతే ఆయాసముతో రాత్రియంతయు పడకమీద కూర్చుండియే తెల్లవార్చుదురు.

మా సంఘములో ఒక సహోదరి కలదు. ఆవరణలోని మల్లె పొదలు, మందార మొక్కలు ఆమె నాటినవే. వేసవిలో దూరపు బావినుండి బిందెలతో నీళ్లు తెచ్చి వాటిని బ్రదికించినది ఆమెయే. అట్టి ఆమె ప్రతి యేడును శ్రమల దినములు ముగియుసరికి ఆరాధనకు వచ్చుట మానివేయుచుండెను. ఒక సంవత్సరము మేము ఆమె ఇంటికి వెళ్లి కారణమడిగితిమి. ఆమె చాలసేపు తల వంచుకొని, తరువాత ఇట్లనెను: “ప్రార్థనలో తుమ్మితే అందరూ వెనక్కి తిరిగి చూస్తారు అయ్యగారూ. ఒకామె రోగం అంటుకుంటుందని బిడ్డను అవతలికి లాక్కుంది. ఇంకొకాయన నాకు విశ్వాసం చాలదన్నాడు. నేను నాటిన చెట్ల దగ్గరికి పోవడానికే భయమేస్తోంది.”

మేము సిగ్గుపడితిమి. ఏలయనగా ఆ రెండవ మాట మేము పైకి అనకపోయినను, లోపల ఒకటి రెండు సార్లు తలంచినవారమే.

ఈ బాధ ఎట్లు కలుగునో కొంచెము తెలిసికొనుట మేలు. దేవుడు మన శరీరములో రోగములను ఎదిరించు కావలివారిని ఉంచెను. కొందరి శరీరములో ఆ కావలివారు హానిలేని పుప్పొడిని శత్రువని పొరబడుదురు. దానిని వెళ్లగొట్టుటకే ఆ తుమ్ములు, ఆ కన్నీరు. ఇది అంటురోగము కాదు. మరియొక సంగతి. మనము నిందించు అందమైన పువ్వు చాల సార్లు నిర్దోషియే. రంగును వాసనయు గల పూల పుప్పొడి బరువుగా, జిగటగానుండును. దానిని తేనెటీగలు మోసికొనిపోవును. ఎవరును కన్నెత్తి చూడని గడ్డిపూల పుప్పొడియైతే తేలికయై గాలిలో బహుదూరము పోవును. చేలగట్లమీద పెరుగు వయ్యారిభామయు, సర్కారు తుమ్మ పుప్పొడియు అనేకులకు ఈ బాధ కలిగించును. ఇంగ్లాండులో మాంచెస్టరు నగరపు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ తానే ఈ బాధ పడినవాడు. పుప్పొడిని తన శరీరముమీదనే పరీక్షించుకొని, దీనికి కారణమదేయని 1873లో ఒక గ్రంథము ప్రకటించెను. తాను పడిన బాధనే ఇతరుల మేలుకు వినియోగించెను.

కాబట్టి మొదటిగా, రోగిని చూచి విశ్వాసము తక్కువయని తీర్పు తీర్చకుందము. పౌలు తన శరీరములోని ముల్లు తొలగవలెనని మూడుమారులు ప్రభువును వేడుకొనెను. ముల్లు తొలగలేదు; దానిని సహించుటకు చాలినంత కృప దొరికెను (2 కొరింథీ 12:7–9). తిమోతి తరచుగా జబ్బుపడుచుండగా పౌలు అతని విశ్వాసమును గద్దింపలేదు. ఆ కాలమునకు తగిన చికిత్స చెప్పెను (1 తిమోతి 5:23). మనమును అట్లే చేయుదము. ఆయాసము వచ్చువారు ఆలస్యము చేయక వైద్యునియొద్దకు వెళ్లవలెను. ఆయన ఇచ్చిన పీల్చెడి మందును సిగ్గుపడి దాచుకొనరాదు. పొలమునుండి రాగానే ముఖము, చేతులు కడుగుకొనుడి. ముక్కుకు గుడ్డ కట్టుకొనుడి. పూసిన చెట్లక్రింద పక్కబట్టలు ఆరవేయకుడి. ఎండుటాకులు కాల్చి పొరుగువాని ఊపిరికి పొగ పెట్టకుడి.

రెండవదిగా, ఒక అవయవము బాధపడినప్పుడు తక్కినవన్నియు దానితోకూడ బాధపడవలెను (1 కొరింథీ 12:26). ఆ సహోదరి మాట విన్న పిమ్మట మా యౌవనస్థులు చేతులకు గుడ్డలు చుట్టుకొని, ఆవరణ చుట్టునున్న వయ్యారిభామను పూతకు రాకముందే పెరికివేసిరి. స్త్రీలు పూలకుండలను ఆమె కూర్చుండు చోటికి దూరముగా పెట్టిరి. తుమ్మినప్పుడు వెనుకకు తిరిగి చూడకూడదని పిల్లలకు నేర్పితిమి. పెద్దలకు నేర్పుట కొంచెము కష్టమైనది. ఇవి చిన్న పనులే. అయినను ప్రేమ చాల సార్లు ఇట్టి చిన్న పనులలోనే కనబడును.

మూడవదిగా, మన ధ్యాన భాగమును చూడుడి. ప్రభువును సిలువవేసిన స్థలములో ఒక తోట యుండెను. ఆయన సమాధి ఆ తోటలోనిదే. అది పస్కా కాలము. యూదయ దేశములో వానలు వెలిసి యవలు పండెడి వసంతము. ఆ తోటలో మగ్దలేనే మరియ నిలిచి యేడ్చుచుండెను. ఆమె వెనుకకు తిరిగి, నిలిచియున్న ప్రభువును చూచియు గుర్తుపట్టక, తోటమాలియని తలంచెను. ఆయన ఆమె కన్నీళ్లు ఆరువరకు వేచియుండలేదు. ఏడ్చుచున్న ఆమెను పేరుపెట్టి పిలిచెను. ఆ పిలుపుతోనే ఆమె ఆయనను ఎరిగెను.

ప్రియులారా, బాధలన్నియు తీరిన తరువాతనే సంతోషింతుమని మనము వాయిదా వేయుచుందుము. అప్పు తీరిన తరువాత, రోగము పోయిన తరువాత, కుమార్తె పెండ్లి అయిన తరువాత అని చెప్పుకొందుము. ఈలోగా వసంతములు గడచిపోవును. పునరుత్థానుడైన ప్రభువు మొదట కనబడినది ఆరిన కన్నులకు కాదు, తడిసిన కన్నులకే.

ఆ యేడు పునరుత్థాన పండుగనాడు తెల్లవారుజామున ఆ సహోదరి ముక్కుకు గుడ్డ కట్టుకొని ఆరాధనకు వచ్చెను. ఆమె తుమ్ములు ఆగలేదు. ఆరాధన ముగిసిన పిమ్మట మల్లె పొదలకు కొంచెము దూరమున నిలిచి, కన్నులు తుడుచుకొనుచు మాతో ఇట్లనెను: “కళ్లు మసకగానే ఉన్నాయి అయ్యగారూ. అయినా పూలు కనబడుతున్నాయి.”

ప్రార్థన: తోటలో యేడ్చినదానిని పేరుపెట్టి పిలిచిన ప్రభువా, ఈ పూల కాలమున బాధపడువారియొద్ద నిలువుము. వైద్యుల చేతులను దీవించుము. తీర్పు తీర్చు మా నాలుకలను క్షమించుము. మా కన్నీరు ఆరకముందే నీ మేలులను చూచి స్తుతించు మనస్సు మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.