గుండెత్తిన మరుసటి పొద్దు

మన రాయలసీమ తిరునాళ్లలో ఇరుసు, గుండు ఎత్తే పోటీలు కొత్త కాదు. ఇప్పుడు కుర్రోళ్లు ప్రొద్దుటూరు జిమ్ముకు పోతున్నారు, కండల నొప్పి తగ్గాలని బీసీఏఏ అనే పొడి డబ్బా కొంటున్నారు. అందులో ఉండేవి మూడే అమైనో ఆమ్లాలు: ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలీన్. కండ కట్టాలంటే తిండి ద్వారానే రావలసినవి 9. తక్కిన 6 తిండిలో అందకపోతే, శరీరం ఉన్న కండనే కరిగించి తెచ్చుకుంటుంది!

ఆ ఆరింటిలో ఒకటైన లైసిన్ రాగి సంగటిలో తక్కువ, కందిపప్పులో ఎక్కువ. పప్పులో కొరవడిన మిథియోనిన్ రాగుల్లో ఉంది. ఈ జోడీ కుదిర్చిన అవ్వలు ఏ ప్రయోగశాలకూ పోలేదు మరి. కాకపోతే ముద్ద కొండంత, పప్పు నీళ్లలా ఉంటే లాభం లేదు. ఒక్క గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి, ఆ తొమ్మిదీ ఉంటాయి. నాయనా, డబ్బా మూత తీసే ముందు రెండు గుడ్లు ఉడకబెట్టుకో. రాత్రికి కంటినిండా నిద్రపో.