అనుభవ గోష్ఠియందు వికసించు స్ఫురణ

స్ఫురణ శివప్రసాదము. ఇష్టలింగమును కరస్థలమున నిలిపి ధ్యానించు శరణునకు ఒకానొక క్షణమున మెరుపువలె నూతన భావము తోచును. అది ఎచ్చటనుండి వచ్చెనో అతడు చెప్పజాలడు. అయినను ఆ మెరుపు సత్యమా, లేక అహంకారము పన్నిన మాయయా? ఈ సందేహమును తీర్చుకొనుటకు బసవేశ్వరుడు చూపిన మార్గము అనుభవ గోష్ఠి.

12వ శతాబ్దమున, బిజ్జలుడు ఏలిన కల్యాణ నగరమున, శరణులు అనుభవ మంటపమున సమావేశమగుచుండిరని సంప్రదాయము చెప్పుచున్నది. రాజ్యమున ఉన్నత పదవియందుండియు బసవేశ్వరుడు అచ్చటి శూన్యసింహాసనమును తాను కోరలేదు. దానిపై అల్లమప్రభువు ఆసీనుడయ్యెను. పడవ నడుపు అంబిగర చౌడయ్యయు, బట్టలుతుకు మడివాళ మాచయ్యయు, త్రాళ్లు పేను నులియ చందయ్యయు ఆ శరణసమూహమున సమానులు. తాము చేయు కాయకమునుండి తమకు తోచిన దానిని జనుల నోటి కన్నడమున వారు పలికిరి. ఆ పలుకులే వచనములు.

ఉడుతడినుండి వచ్చిన అక్క మహాదేవిని అల్లమప్రభువు కఠిన ప్రశ్నలతో పరీక్షించెను. ఆమె వెరవక బదులు చెప్పెను. ఆ ప్రశ్నలు ఆమెను చిన్నబుచ్చలేదు; ఆమెలోని అనుభవమును సభకు వెల్లడి చేసినవి.

ఆయ్దక్కి మారయ్య కథ ఇంకను మననీయము. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము చేయుట అతని కాయకము. ఒకనాడు అతడు గోష్ఠీరసమున మునిగి కాయకమును మరచెను. భార్య లక్కమ్మ అతనిని హెచ్చరించి పనికి పంపెను. మరియొకనాడు అతడు నిత్యము తెచ్చుదానికంటె అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. అక్కరకు మించినది భక్తి కాదు, ఆశ యని పలికి, తెచ్చిన చోటనే విడిచి రమ్మనెను. మహాజ్ఞానులు కూడిన కల్యాణమున ఈ సూక్ష్మధర్మము ఒక పేదయింటి ఇల్లాలికి స్ఫురించినది. మారయ్య దానిని ఆలకించెను గనుకనే అది నిలిచినది.

నేడును మఠములలో సభలు జరుగుచున్నవి. పెద్దలు మాత్రమే పలికి, తక్కినవారు తలయూపి లేచిపోయిన యెడల అది ఉపన్యాసమగును గాని అనుభవ గోష్ఠి కానేరదు. కోడలి మాటను, బాలుని ప్రశ్నను అణచిన ఇంట లక్కమ్మను వాకిటనుండియే మరలించినట్లగును. అటులనే, కాయకము విడిచి చేయు చర్చయు వట్టి వాగ్వాదమే. సభ ముంగిట నిలువ వెరచు స్ఫురణ అహంకారమునకు లోబడును.

కావున శివపూజానంతరము ఇంటిల్లిపాది కొంతసేపు కూర్చుండవలయును. పిన్నలు మొదట పలుకవలయును. పెద్దలు కడపట పలుకవలయును. తోచిన మాట తనదని పట్టుపట్టక, శివునిదని సభకు సమర్పింపవలయును. అందరి పరీక్షకు నిలిచిన మాటను మరునాటి కాయకమున ఆచరింపవలయును. అట్టి గృహమే అనుభవ మంటపము.

శరణు శరణార్థి.